యాపిల్ పెట్టెల తొట్టెల

మొన్న ఆదివారం ఎల్బీనగర్‌లో మా అమ్మాయి వాళ్ల ఫ్లాటుకు వెళ్లేసరికి హాలంతా అట్టముక్కలూ థర్మోకోల్ బద్దలూ పరుచుకుని ఉన్నాయి. అల్లుడు నేల మీద బాసింపట్టు వేసుకుని, పక్కన ఫోన్‌లో వీడియో పెట్టుకుని, పుట్టబోయే బిడ్డ కోసం తెప్పించిన చిన్న మంచాన్ని బిగిస్తున్నాడు. అమ్మాయికి ఏడో నెల. సోఫాలో కాళ్లు చాపుకుని, "అది కాదు, తిరగేసి పెట్టావు చూడు" అని అతనికి పని చెబుతోంది.

"అత్తయ్యా, ఆ పొడుగు స్క్రూ ఇటు ఇస్తారా?" అన్నాడు అల్లుడు.

ఇచ్చాను. మిగతావి కూడా ఏరి, పొడుగువి ఒక పక్క, పొట్టివి ఒక పక్క పెట్టాను. వద్దనలేదు, ఆగమనలేదు. అలాంటి మాటల విలువేమిటో నాకు తెలుసు. కానీ చెక్కలోకి మర బిగుసుకుంటూ కీచుమన్నప్పుడు మాత్రం నా మనసు అక్కడ ఉండలేదు. మీర్‌పేట్ వైపు ఒకప్పటి ఖాళీ జాగాల మధ్య, రేకుల ఇంటి ముందు ఒంటి మోకాలి మీద కూర్చున్న మా నాయిన దగ్గరికి పోయింది.

అప్పుడు నేను మూడో తరగతో నాలుగో తరగతో. అంతకుముందు మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో కిరాయికి ఉండేవాళ్లం. ఒకటే గది. ఆ ఇంటి ఓనరమ్మ చెడ్డదేం కాదు గానీ, గోడల మీద ఆమెకున్న ప్రేమ మనుషుల మీద ఉండేది కాదు. "మొల కొట్టిన్రంటే పెచ్చులూడుతయి. ముందే చెప్తున్న" అని నెలకొకసారైనా గుర్తు చేసేది. అందుకని మా ఇంట్లో ఏదీ గోడకు ఉండేది కాదు. అద్దం కిటికీ గూట్లో, చర్చిలో ఇచ్చిన క్యాలెండరు బియ్యం డబ్బాకు ఆనించి, నాయిన చొక్కాలు కిటికీ ఊచలకు కట్టిన తాడు మీద. అమ్మ తల దువ్వుకోవాలంటే అద్దం ముందు వంగి నిలబడేది.

నాయిన ఒక అచ్చు ప్రెస్సులో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి కూడబెట్టి, మీర్‌పేట్ దగ్గర చిన్న ప్లాటు కొని, రెండు గదులు లేపి రేకులు వేయించాడు. ఆ వేసవిలోనే మారిపోయాం. చుట్టూ ఇళ్లు తక్కువ, బండరాళ్లు ఎక్కువ. సీతాఫలం పొదలు, వాటి నడుమ కాలిబాట, దూరంగా బాలాపూర్ గుట్టలు. సాయంత్రమైతే గాలికి తలుపులు వాటంతటవే కొట్టుకునేవి.

సామాను దించిన రోజు అమ్మ చేసిన మొదటి పని నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. పాలు పొంగించలేదు, ప్రార్థన కూడా కాలేదు. సుత్తె అందుకుని ముందు గది గోడకు నడిమధ్యన ఒక మొల కొట్టింది. ఆ చప్పుడుకు నాయిన పరిగెత్తుకొచ్చాడు.

"ఏం తగిలిస్తవు?"

"ఏం లేదు. ఊకెనే" అంది అమ్మ. "మన గోడ."

నాయిన నవ్విన నవ్వుకు మా నాయినమ్మ బయటినుంచి, "ఏమైందిరా?" అని కేకేసింది.

ఇల్లు నిలబడింది గానీ అందులో ఏమీ లేదు. చేయించుకునే స్తోమత లేదు. అందుకని నాయిన తనే పని మొదలుపెట్టాడు. ఆయనకు వడ్రంగం రాదు. ప్రెస్సులో అక్షరాలు పేర్చే చేతులు కాబట్టి ఓపిక మాత్రం ఉండేది.

మొదట సున్నం. పాత డ్రమ్ములో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే, బుసబుసమని పొంగి పొగలు కక్కింది. అది చల్లారాక నీలిమందు కలిపి, ముగ్గురమూ కుంచెలు పట్టుకున్నాం. నాయిన పైన, అమ్మ నడుము ఎత్తున, నేను కింద. నేను గోడకు వేసినదానికంటే నా గౌనుకు వేసుకున్నదే ఎక్కువ. వాళ్లు అన్నానికి లోపలికి వెళ్లినప్పుడు, గిన్నెలో మిగిలిన నీలిమందు నీళ్లలో నాయినమ్మ తెల్ల కోడిపెట్టను ముంచి తీశాను. అది నీలంగా మారి వాకిలంతా అరుచుకుంటూ తిరిగింది. నాయినమ్మ నన్ను కొట్టడానికి చీపురు తీసింది గానీ, కోడిని చూసి నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడింది. "ఓ పోరీ, గిదేందే! రేపు గుడ్డు గూడ నీలంగనే పెడ్తదేమో!"

అప్పటికే అమ్మ కడుపుతో ఉందన్న సంగతి నాకు తెలియదు. తడిసిన సున్నం వాసన కోసం గోడ దగ్గరే నిలబడేది. వేలితో కొంచెం గీరి నోట్లో వేసుకునేది కూడా. నాయినమ్మ చూసి, "కొత్త గోడ తినకే తల్లీ, మీ ఆయన పరేషాన్ అయితడు" అనేది. అమ్మ సిగ్గుపడి కొంగుతో మూతి తుడుచుకునేది.

మా పక్క ప్లాటులో గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆయన ఏదో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. ఆమెను నేను ఆంటీ అనేదాన్ని. కొత్తగా పెళ్లయింది, ఊరంతా కొత్త, మాట్లాడేవాళ్లు లేక మా ఇంటికే వచ్చి కూర్చునేది. పనసపొట్టు కూరలో ఆవ పెట్టి తెచ్చేది. ఆ ఘాటుకు నాయినమ్మ ముక్కు నలిపేసుకుంటూనే మళ్లీ పెట్టమనేది. నాయినమ్మ చేసిన సర్వపిండి ఆంటీకి ప్రాణం. "వదిన గారూ, అడుగున మాడిన ముక్క నాకు ఉంచండి" అని అమ్మకు ముందే చెప్పుకునేది.

సున్నం పనయ్యాక నాయిన చెక్కపని మీద పడ్డాడు. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ దాటగానే పండ్ల మార్కెట్ ఉండేది. ఇప్పుడది ఊరి బయటికి తరలిపోయింది. కాశ్మీరు యాపిల్ పండ్లు వచ్చే చెక్కపెట్టెలు విరిగిపోతే ఒక మూల పారేసేవాళ్లు. నాయిన ప్రెస్సు నుంచి వస్తూ అక్కడ ఆగి, వాటిని సైకిలు క్యారియర్‌కు కట్టుకుని వచ్చేవాడు. ఆయన సందు మలుపు తిరగకముందే వాసన వచ్చేసేది. మగ్గిన యాపిల్, గడ్డి, కొంచెం పుల్లగా. మేం పండు కొనడం అరుదు. వాసన మాత్రం ఇంటినిండా ఉండేది.

పెట్టెలు విప్పి, వంకరపోయిన మొలలను రాయి మీద పెట్టి తిన్నగా కొట్టడం నా పని. మొదటిరోజే బొటనవేలు చితక్కొట్టుకున్నాను. ఆ చెక్కలతో నాయిన వంటింట్లో అర చేశాడు. చెప్పుల స్టాండు చేశాడు. ఒక స్టూలు చేశాడు, దానికి ఒక కాలు పొట్టి. అమ్మ దాని కింద మడతపెట్టిన పేపరు పెట్టి, "వంకర ఏం లేదు, నేలనే ఎత్తుపల్లాలున్నది" అని అందరికీ చెప్పేది. ఆంటీ వాళ్లాయన ఒకసారి దాని మీద కూర్చుని పక్కకు ఒరిగి, పడకుండా గోడ పట్టుకుని, "చాలా బాగుందండీ" అన్నాడు. నాయిన ఎంత నవ్వాడో!

తరువాత ఒక సాయంత్రం మంచి పలకలను మాత్రం ఏరి పక్కన పెట్టడం చూసి, అవి దేనికని అడిగాను.

"నీ చెల్లెకో తమ్మునికో" అన్నాడు. "తొట్టెల."

నాయినమ్మ వింటోంది. బియ్యం చెరుగుతున్న చేట అలాగే ఆపేసింది. "వద్దు బిడ్డా. పిల్ల పుట్టకముందు తొట్టెల కట్టొద్దు. పుట్టనీ, ఇరవై ఒక్కటి నాడు చేద్దువు గని."

"మనకు ఇసువంటియి లేవమ్మా. పాస్టరయ్య ఎన్నిసార్లు చెప్పిండు?"

"దేవుడు దేవుడే, దిష్టి దిష్టే" అంది నాయినమ్మ.

పక్క ఇంట్లోంచి ఆంటీ వచ్చి మాట కలిపింది. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది అన్నయ్య గారి తొందర" అని నవ్వింది. అమ్మ తన పొట్ట మీద చేయి పెట్టుకుని, "ఆలున్నది, చూలున్నది, సోమలింగమే రావాలె" అంది. అందరం నవ్వాం. నాయినమ్మ మాత్రం చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తొట్టెల కోసం నాయిన పడ్డ శ్రమ నేను మళ్లీ ఎవరి దగ్గరా చూడలేదు. చెక్క నునుపు చేయడానికి పక్కవాళ్ల దగ్గర రందా అడిగి తెచ్చుకున్నాడు. ఆంటీ దాన్ని చిత్రిక అనేది. ఏ మాట సరైనదని ఇద్దరికీ ఒక రోజంతా వాదన. ఊగడానికి కింద వంకర చెక్కలు కావాలి. అవి కోయడం ఆయన వల్ల కాలేదు. ఒక ఆదివారం ఊరికి పోయి, విరిగిన ఎడ్లబండి చక్రంలోని రెండు వంపు ముక్కలను బస్సు టాపు మీద వేసుకుని తెచ్చాడు. వాటిని బిగించి, చేత్తో ఒకసారి తోశాడు. తొట్టెల ఇటు ఊగి, అటు ఊగి, మెల్లగా నిలబడింది. ఆయన దాని ముందు కూర్చుని మళ్లీ మళ్లీ తోశాడు.

పలకల మీద గరుకు కాగితం రుద్దిన ప్రతిసారీ నన్ను పిలిచేవాడు. "చెంప పెట్టి చూడు బిడ్డా, యాడనన్న గుచ్చుతున్నదా?" నేను కళ్లు మూసుకుని చెంప ఆనించి పలక ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగేదాన్ని. గుచ్చకపోయినా ఒక్కోసారి "ఇక్కడ" అని అబద్ధం చెప్పేదాన్ని, ఆయన ఇంకోసారి రుద్ది మళ్లీ పిలుస్తాడని. ఒక పలక మీద ఎర్ర రంగుతో యాపిల్ బొమ్మ అచ్చు వేసి ఉండేది. అది రుద్దితే పోతుందని దాని జోలికి వెళ్లలేదు. "లోపటి దిక్కు పెడ్త. పండుకొని సూస్తడు" అన్నాడు.

అమ్మ తన పాత వాయిల్ చీరతో పొత్తిగుడ్డలు కుట్టింది. తొట్టెలను లోపలి గదిలో అమ్మ మంచం పక్కన పెట్టారు. నాయినమ్మ రోజూ దాని చుట్టూ ఊడ్చేది, దాన్ని మాత్రం ముట్టుకునేది కాదు.

చలి మొదలైన రోజులు. ఒక ఉదయం నేను బడికి తయారవుతుంటే అమ్మకు నొప్పులు వచ్చాయి. నాయిన ఆటో తెచ్చాడు. అమ్మ ఎక్కుతూ నా వైపు తిరిగి, "జడ ఆంటీతోటి ఏపించుకో" అంది. ఆంటీకి అప్పుడు అయిదో నెల. నాకు జడ వేసి, పెరుగన్నం తినిపించి, "సాయంత్రానికి తమ్ముడొచ్చేస్తాడు చూడు" అంది.

సాయంత్రం నాయిన ఒక్కడే వచ్చాడు. చేతుల్లో తెల్ల తువ్వాలు మూట ఉంది. దాన్ని ఎత్తుకున్న తీరులోనే నాయినమ్మకు అర్థమైపోయింది. తమ్ముడే. ఏడవకుండానే పుట్టాడట. పాస్టరయ్య, చర్చి పెద్దలు ఇద్దరు వచ్చారు. ప్రార్థన చేసి, పొద్దు గూకకముందే తీసుకుపోయారు. నన్ను ముఖం చూడనిచ్చారు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

వాళ్లు వెళ్లాక నాయినమ్మ లోపలి గది గడప మీద కూర్చుని, తొట్టెల వైపు చూస్తూ తనలో తాను, "నా నోరు పడిపోను. నా నోట్లె మన్ను వడ" అని నోటి మీద కొట్టుకుంది. నేను విన్నాను. నాయిన వినలేదు. ఆయన ఇంకా తమ్ముణ్ని పూడ్చిన బొందలగడ్డ దగ్గరే ఉన్నాడు.

ఆ మాట ఆయన చెవిన పడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నాయిన తిరిగొచ్చేసరికి నాయినమ్మ లేచి పొయ్యి రాజేసి, బలవంతంగా రెండు ముద్దలు తినిపించింది. తరువాత ఇంట్లో అందరికీ ఒకటే చెప్పింది, "ఇగ ఆ ముచ్చట ఎవ్వలు తియ్యొద్దు. దాన్ని ఏడిపియ్యొద్దు." అమ్మ కోసమే అంది. అమ్మ దవాఖాన నుంచి వచ్చాక కూడా మా ఇంట్లో ఎవరూ ఆ ముచ్చట తీయలేదు. చుట్టాలు వచ్చి అమ్మ చేతులు పట్టుకుని కూర్చునేవారు. చర్చి ఆడవాళ్లు అమ్మ కోసం పాటలు పాడేవారు. నాయిన వాళ్లకు చాయ్ గ్లాసులు అందించి వాకిట్లో నిలబడేవాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

అమ్మ దవాఖాన నుంచి రాకముందే ఆంటీ తొట్టెలను వాళ్లింటికి తీసుకుపోయింది, అమ్మ కంట పడకూడదని. ఏటా క్రిస్మస్‌కు వెదురుబద్దలతో, రంగు కాగితాలతో నాయిన స్టారు చేసి ఇంటి మీద కట్టేవాడు. ఆ ఏడు బద్దలు కూడా తేలేదు.

ఎండలు ముదిరాక ఆంటీకి మగపిల్లాడు పుట్టాడు. పుట్టింటి నుంచి బిడ్డతో తిరిగొచ్చిన కొన్నాళ్లకు ఆమె మా ఇంటికి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది. అమ్మ లోపల ఏదో కుడుతోంది. నాయిన ముందు గదిలో ఉన్నాడు.

"అన్నయ్య గారూ, ఏమీ అనుకోకండి. ఆ ఊయల మా ఇంట్లోనే ఉంది కదా. మా బుడ్డోడిని అందులో పడుకోబెట్టుకోనా? మా అత్తగారు ఏదో అంటారు గానీ నాకట్లాంటి పట్టింపులు లేవండీ. అంత ముచ్చటగా చేశారు మీరు."

ఆమె దయతోనే అడిగింది. ఇప్పుడు తలచుకుంటే, ఆ రోజుల్లో నాయినకు ఎవరైనా చేయబోయిన ఒకే ఒక్క మేలు అది. నాయిన ముఖం నల్లబడింది. "వద్దమ్మా" అన్నాడు. "అది మంచిది కాదు. పిల్లగాన్ని దాంట్ల ఎయ్యకు." వెంటనే లేచి వాళ్లింటికి పోయి, దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. వాకిట్లో దించి, పకడ్ తీసుకుని మొలలు పీకడం మొదలుపెట్టాడు.

పగలగొట్టలేదు. ఎలా బిగించాడో అలాగే విప్పాడు, ఒక్కొక్క పలకా. ఆంటీ గేటు దగ్గర నిలబడి ఏడుస్తూ, "నేను అడక్కపోయుంటే బాగుండేది అన్నయ్య గారూ" అంది. అమ్మ బయటికి వచ్చి చూసింది. నాయిన తల ఎత్తలేదు. అమ్మ లోపలికి వెళ్లి మళ్లీ సూది అందుకుంది. ఆ పలకలు నీళ్లపొయ్యిలోకి పోయాయి. ఆ రోజు మా స్నానాల నీళ్లు యాపిల్ వాసన వేశాయి. నేను నాయినను, యాపిల్ బొమ్మ పలక ఉంచుకుంటానని అడిగాను. ఇవ్వలేదు.

ఆ తరువాత ఆయన సుత్తె పట్టలేదు. ఇంటికి ఇంకో గది పడింది, రేకులు పోయి స్లాబు వచ్చింది, కాలనీలో ఖాళీ జాగాలు పోయి ఇళ్లు వచ్చాయి. ఒక మొల కొట్టాలన్నా మనిషిని పిలిపించేవాడు. నలుగురూ వయసు మీద పడిందనుకున్నారు. అప్పటికాయనకు నలభై కూడా లేవు. నాకు మళ్లీ తోబుట్టువులు పుట్టలేదు. ఆంటీ వాళ్లు కొన్నేళ్లకు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయారు. వాళ్ల అబ్బాయి వెళ్లేనాటికి మా గోడలెక్కి దూకేంత వాడయ్యాడు.

నాకు పెళ్లయి, మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నాయిన నన్ను చూడటానికి వచ్చాడు. మంచం మీద నేను అల్లుతున్న చిన్న స్వెట్టర్ ఉంది. దాన్ని చూసి కూర్చోలేకపోయాడు. "జర దాన్ని తీసి లోపట పెట్టు బిడ్డా" అన్నాడు. "పుట్టినంక అల్లుకో."

"మనకు ఇసువంటియి లేవని నువ్వే అంటుంటివి గద నాయినా."

ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "మీ నాయినమ్మ వద్దన్నది. ఇన్లేదు. ఈ చేతులతోనే చేసిన."

అప్పుడు తెలిసింది నాకు. "అట్లెందుకైతది నాయినా? నీ తప్పేం లేదు" అన్నాను. ఆయన నా తల నిమిరి, "నీకు తెల్వది బిడ్డా" అన్నాడు. నిజమే, నాకేం తెలుసు? ఊరడింపు తప్ప నా దగ్గర ఆధారమేమీ లేదు. స్వెట్టర్ తీసి బీరువాలో పెట్టాను. ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు.

నాయిన పోయి ఇప్పటికి కొన్నేళ్లయింది. ఆయన పోయిన ఏడాది, చర్చిలో జ్ఞాపకార్థ కూడిక ముగించుకుని అమ్మా నేనూ ఇంటికి వచ్చి కూర్చున్నాం. ఆయన మాటలే చెప్పుకుంటున్నాం. ఆ ఊపులో, స్వెట్టర్ చూసిన రోజు ఆయన నాతో అన్న మాట అమ్మకు చెప్పాను.

అమ్మ నా వైపు అర్థం కానట్టు చూసింది. "తొట్టెల చేసినందుకు పిల్లగాడు పోయిండనుకున్నడా?"

"అవునమ్మా."

"గదేంది! పేగు మెడకు సుట్టుకున్నదని డాక్టరమ్మ నాకు అప్పుడే చెప్పింది. ఎవ్వల తప్పు లేదమ్మా, ఎవ్వలేం చేయలేకపోదురు అన్నది. బయట మీ నాయినకు గూడ చెప్పింది గావచ్చు అనుకున్న."

"మరి నువ్వు ఎప్పుడూ అనలేదా?"

"ఆ ముచ్చట తియ్యొద్దన్నరు గద. తీస్తే ఆయన ఏడుస్తడని నేను తియ్యలే."

"నేను ఏడుస్తనని ఆయన, ఆయన ఏడుస్తడని నేను..." అంటూ మాట మధ్యలో ఆపేసింది. ఒకే కప్పు కింద, ఒకే కంచంలో వడ్డించుకుని తిన్న ఇద్దరు మనుషులు. ఆ ఒక్క మాట ఆమె దగ్గర ఉంది. ఆయనకు కావలసిందీ ఆ ఒక్క మాటే. ఇద్దరూ ఒకరి మీద ఒకరికున్న ప్రేమతోనే నోరు మూసుకున్నారు.

అమ్మ వంగి, నాయిన చేసిన ఆ వంకర స్టూలు కింద పేపరు మడత సరిచేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"చెప్పి ఉంటే," అంది, "ఇంకెన్ని చేస్తుండెనో."